ఒంటికాలి బరువు

బస్సు కోసం ఎదురుచూసే వాళ్ళను కాసేపు గమనించండి. రెండు కాళ్ళ మీద సమంగా నిలబడేది మొదటి రెండు మూడు నిమిషాలే. తర్వాత ఒంటి బరువంతా మెల్లగా ఒక కాలి మీదికి జారుతుంది. ఆ వైపు తుంటి పక్కకు పొడుచుకొస్తుంది, రెండో మోకాలు వదులవుతుంది. రేషను దుకాణం ముందూ అంతే, గుడి వరుసలోనూ అంతే. చంకన బిడ్డ ఉన్న తల్లయితే నడుమును ఇంకా పక్కకు నెట్టి, బిడ్డ కూర్చోవడానికి అక్కడే చోటు చేస్తుంది. ఇది ఎవరూ నేర్పింది కాదు. కండరాలు అలసినప్పుడు ఒళ్ళు ఎంచుకునే సులువైన దారి. మరి ఈ సులువుకు వెల ఎక్కడ చెల్లుతోంది? తుంటి పక్కన నొప్పి అనే మాట ఎక్కువగా వినిపించేది నలభై, యాభై దాటిన ఆడవాళ్ళ నోట. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నాం, మెట్లెక్కితే పొడుస్తోంది, చాలాసేపు కూర్చుని లేస్తే నాలుగడుగులు కుంటాల్సి వస్తోంది అంటారు. వెంటనే ఎక్స్‌రే తీస్తారు. రిపోర్టు చూసి అరిగిందనో, ఏమీ లేదనో తేలుస్తారు. ఆ మనిషి ఎలా నడుస్తోందో, ఒంటికాలి మీద ఎంతసేపు నిలవగలదో చూసేవాళ్ళు ఎందరు? నడిస్తే వచ్చే నొప్పికి, కదలకుండా పడుకోబెట్టి తీసిన బొమ్మలో కారణమంతా దొరకాలని ఎందుకు ఆశిస్తున్నాం?

ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. తుంటి నొప్పి అన్నవాళ్ళందరూ ఒకే చోట చెయ్యి పెట్టరు. గజ్జ దగ్గర వేలు పెట్టి చూపిస్తే అది చాలావరకు కీలులోంచి వచ్చే నొప్పి. పిరుదు వెనక చూపిస్తే చాలాసార్లు వెన్నుపూసల వైపు కూడా చూడాలి. తొడ పక్కన, పైన పొడుచుకొచ్చినట్టు తగిలే ఎముక మీద అరచెయ్యి పెడితే అది మరో కథ. నేను ఎక్కువగా మాట్లాడేది ఈ మూడో దాని గురించే. బలానికీ కదలికకూ నొప్పికీ ఉన్న చుట్టరికం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ చుట్టరికాన్ని ఎక్స్‌రే లేని రోజుల్లోనే ఒకాయన పట్టుకున్నాడు. జర్మనీలో సర్జన్ ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ పుట్టుకతో తుంటి కీలు తప్పిన పిల్లల నడకను గమనించి 1895లో ఒక వ్యాసం రాశాడు. ఆ పిల్లలు బాతుల్లా అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. తొడ ఎముక తల దాని గూటిలో నిలవక పైకీ కిందికీ జారడం వల్లే ఈ ఊగిసలాట అనుకునేవారు అప్పటిదాకా. ఆయన పిల్లల్ని ఒంటికాలి మీద నిలబెట్టి వెనకనుంచి చూశాడు. నేల మీద ఆనిన కాలి వైపు పిరుదు కండరాలు కటిని సమంగా పట్టి ఉంచలేకపోతున్నాయి, అందుకే గాల్లో ఉన్న కాలి వైపు కటి కిందికి వాలుతోంది అని తేల్చాడు. రాంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నది కూడా అదే ఏడాది, నవంబరులో. ఎముకను చూసే యంత్రం రాకముందే, చూడాల్సిన చోట చూసిన కన్ను ఒకటి ఉండేదన్నమాట. ఆ పరీక్షను ఆయన పేరుతోనే వైద్య విద్యార్థులు నేటికీ నేర్చుకుంటారు. దానికి ఖర్చు లేదు, అర నిమిషం చాలు. అయినా రద్దీగా ఉండే ఓపీలో ఆ అర నిమిషం దొరకదు.

నడకంటే రెండు కాళ్ళ పని అనుకుంటాం గాని, నడిచినంతసేపూ ఎక్కువ భాగం మనం ఒంటికాలి మీదే ఉంటాం. ఒక కాలు ముందుకు సాగుతున్నప్పుడు ఒళ్ళంతా రెండో కాలి తుంటి మీదే నిలవాలి. బరువు కేంద్రం శరీరం మధ్యలో ఉంటుంది, ఆనిన కీలు ఒక పక్కన ఉంటుంది. కావడి బద్ద భుజం మీద నడిమికి కాకుండా ఒక పక్కకు జరిగి ఉందనుకోండి. పొడుగు వైపు బుట్ట వేలాడుతుంటే, పొట్టి వైపు చెయ్యి వేసి గట్టిగా కిందికి నొక్కిపట్టాలి. అప్పుడు భుజం మీద పడేది బుట్ట బరువొక్కటే కాదు, చెయ్యి నొక్కే బలం కూడా. తుంటి దగ్గర ఆ చెయ్యి పని చేసేవి గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ అనే పిరుదు పక్క కండరాలు. బెర్లిన్‌లో గేయోర్గ్ బెర్గ్‌మన్ బృందం, కొలిచే పరికరాలు అమర్చిన కృత్రిమ కీళ్ళు పెట్టించుకున్న నలుగురు రోగుల నుంచి ఈ బలాల్ని నేరుగా కొలిచి 2001లో ప్రకటించింది. మామూలు నడకలో తుంటి కీలు మీద సగటున ఒంటి బరువుకు 2.4 రెట్లు పడుతోంది, మెట్లు దిగేటప్పుడు 2.6 రెట్లు. అరవై కిలోల మనిషి వీధి చివరిదాకా వెళ్ళొస్తే, ఆ కీలు అడుగడుగునా 140 కిలోలకు పైగా మోస్తుంది. ఇంత బరువు మోయడానికే పుట్టిన కీలు కాబట్టి దీనికి బెదిరిపోనక్కర్లేదు. అయితే ఆ బరువును పంచుకునే కండరాలు నీరసిస్తే, దాన్ని మరొకటేదో మోయక తప్పదు.

నొప్పి ఉన్నవాళ్ళు నడిచే తీరు చూస్తే ఈ లెక్క ఒళ్ళే వేసుకుంటుందని తెలుస్తుంది. నొప్పి కుడి తుంటిలో ఉంటే మనిషి ఎడమకు వంగాలి కదా అనిపిస్తుంది. కాని కుడి కాలు ఆనినప్పుడు కుడివైపుకే ఒరుగుతారు. అలా ఒరిగితే బరువు కేంద్రం కీలుకు దగ్గరవుతుంది, పొడుగు వైపు బద్ద కురచవుతుంది, కండరం అంతగా లాగాల్సిన పని తప్పుతుంది. చేతికర్ర కూడా అంతే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు. పట్టాల్సింది రెండో చేతిలో. నొప్పి కాలు ఆనినప్పుడు ఎదురు చేతిలోని కర్ర కటిని కాస్త ఎత్తి పట్టి, కండరం చేసే పనిలో వాటా తీసుకుంటుంది. అమెరికాలో ఎముకల వైద్యుడు విలియం బ్లౌంట్ 1956లో చేతికర్రను పారేయొద్దని వేడుకుంటూ ఒక వ్యాసమే రాశాడు. ముసలితనానికి గుర్తని సిగ్గుపడి కర్ర పట్టనివాళ్ళకు ఈ లెక్క చెప్పేవాళ్ళుంటే ఎంత బాగుండును!

తొడ పక్క నొప్పికి చాలా ఏళ్ళపాటు చెప్పిన కారణం బర్సైటిస్, అంటే ఎముకకూ దాని మీది పట్టీకీ నడుమ ఉండే మెత్తటి సంచి వాచిందని. సంచి వాచింది కాబట్టి వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలనుకోవడం సహజమే. కాని ఈ నొప్పితో వచ్చిన 877 మంది అల్ట్రాసౌండ్ చిత్రాల్ని పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, వాచిన సంచి కనిపించింది ఐదింట ఒక వంతు మందిలోనే. దాదాపు సగంమందిలో కనిపించింది పిరుదు కండరాలను ఎముకకు కట్టి ఉంచే స్నాయువుల్లో మార్పు. స్నాయువుకు లాగుడు కొత్త కాదు, అది ఉన్నదే అందుకు. లాగుడుతో పాటు నొక్కుడు కూడా తోడైతేనే తట్టుకోలేదు. తొడ శరీరం మధ్యగీత వైపు, లోపలికి వచ్చినకొద్దీ తొడ బయటి వైపు పొడవునా ఉండే పట్టీ బిగుసుకుని, స్నాయువును ఎముక గుబ్బకు అదిమేస్తుంది. ఇప్పుడు బస్టాపులో మనిషిని మళ్ళీ చూడండి. ఒక కాలి మీద వాలి తుంటి పక్కకు పొడుచుకొచ్చిందంటే తొడ లోపలికి వచ్చినట్టే. కాలి మీద కాలు వేసుకుని కూర్చోవడం, ఒక పక్కకు పడుకున్నప్పుడు పై కాలు ముందుకు జారి పరుపు మీదికి వాలడం, నీరసించిన కండరంతో నడుస్తూ అడుగడుగునా కటి వాలిపోవడం, అన్నీ అదే కోవలోవి. నొప్పి తగ్గడానికని కొందరు మోకాలిని ఎదురు భుజం వైపు లాగి సాగదీస్తుంటారు. ఆ సాగదీతలోనూ స్నాయువు నలుగుతుంది. హాయిగా అనిపించిన పది క్షణాలకు రాత్రంతా మూల్యం చెల్లిస్తారు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది: ఈ నొప్పి బలహీనత ఒక్కదాని వల్లా రాదు, భంగిమ ఒక్కదాని వల్లా రాదు. కండరానికి ఎంత మోసే శక్తి ఉంది, మన అలవాట్లు దాని మీద ఎంత మోపుతున్నాయి, ఈ రెండింటి మధ్య పొంతన చెడినప్పుడు వస్తుంది. వైద్యం కూడా రెండు వైపులా జరగాలి. దీనికి నాకు కనిపించే గట్టి సాక్ష్యం, ఆస్ట్రేలియాలో 204 మంది మీద జరిగి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్ష. వాళ్ళను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు, స్నాయువును నలిపే అలవాట్లేవో చెప్పి, వాటిని మాన్పిస్తూ, ఎనిమిది వారాలు కండరాల్ని బలపరిచే వ్యాయామం చేయించారు. రెండో జట్టుకు ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్. మూడో జట్టుకు ధైర్యం చెప్పి ఆగి చూడమన్నారు. ఎనిమిది వారాలకు బాగా నయమైందన్నవాళ్ళు మొదటి జట్టులో 77 శాతం, ఇంజెక్షన్ జట్టులో 58 శాతం, మూడో జట్టులో 29 శాతం. ఏడాది తర్వాత మొదటి జట్టు 79 శాతం దగ్గర నిలిచింది, ఇంజెక్షన్ జట్టు 58 దగ్గరే ఉంది, ఊరికే ఆగి చూసినవాళ్ళు 52కు చేరారు. ఈ ఆఖరి రెండు అంకెల్ని నేను పదేపదే చూస్తాను. ఊరికే ఆగి చూడడం మీద ఇంజెక్షన్‌కు తొలి వారాల్లో ఉన్న పైచేయి ఏడాది తిరిగేసరికి చాలావరకు కరిగిపోయింది. నిజాయితీగా ఇంకొకటి కూడా చెప్పాలి. ఏడాది చివర నొప్పి తీవ్రతను మాత్రమే కొలిస్తే వ్యాయామానికీ ఇంజెక్షన్‌కూ మధ్య స్పష్టమైన తేడా కనపడలేదు. తేడా కనిపించింది మొత్తంగా ఎలా ఉందన్న జవాబులో. ధైర్యంగా అడుగు వేయగలుగుతున్నాననే నమ్మకం కూడా ఆ జవాబులో కలిసి ఉంటుందేమో?

అయితే బొమ్మలో కనిపించే చీలికల మాటేమిటి, వాటిని కాదని నడకను నమ్మాలా అని అడగొచ్చు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో తుంటి నొప్పే ఎరుగని 45 మందికి ఎంఆర్ఐ తీస్తే, 69 శాతం మందికి కీలు అంచున ఉండే మృదులాస్థి వలయంలో చీలిక కనిపించింది. చీలిక ఉండి నొప్పి లేనివాళ్ళు అంతమంది ఉంటే, నొప్పి ఉన్న మనిషిలో చీలిక కనిపించగానే దొంగ దొరికాడనుకోవడం తొందరపాటే. అలాగని బొమ్మ అక్కర్లేదనడం అంతకన్నా పెద్ద తప్పు. పడిపోయిన పెద్దవాళ్ళకు తుంటి ఎముక విరిగిందేమో చూడాలి. స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవాళ్ళలో, మద్యం ఎక్కువగా తాగేవాళ్ళలో తొడ ఎముక తలకు రక్తప్రసరణ ఆగి అది చచ్చుబడవచ్చు. దాన్ని తొలిదశలో పట్టేది ఎంఆర్ఐయే. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకూ ఈ ముప్పు ఉంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో ఆ జబ్బు ఉంది కాబట్టి, అక్కడ ఓ కుర్రవాడు గజ్జలో నొప్పని కుంటుతుంటే ముందు చెప్పాల్సింది వ్యాయామం కాదు. క్షయ తుంటి కీలుకూ సోకుతుంది. నడకను చూడమనడమంటే బొమ్మను మానేయమని కాదు, బొమ్మలో ఉన్నది ఈ మనిషి నొప్పికి సరిపోతుందా లేదా తూచమని.

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది. కండరం నీరసించింది కాబట్టి నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల వాడకం తగ్గి కండరం నీరసించిందా? నొప్పి ఉన్న కీలు చుట్టూ కండరాల్ని నాడీవ్యవస్థే అణచిపెడుతుందని తెలుసు. ఒక వైపే ఈ నొప్పి ఉన్నవాళ్ళను పరీక్షిస్తే నొప్పి లేని తుంటి కూడా, ఏ నొప్పీ లేనివాళ్ళతో పోలిస్తే, బలహీనంగానే కనిపించింది. అంటే నీరసం ముందే ఉందా, లేక నొప్పితో మొత్తం నడకే తగ్గి రెండు వైపులా నీరసించాయా? ఒక్కసారి కొలిచిన కొలతతో ఇది తేలదు. నాకు తోచేదేమిటంటే, ఈ గొలుసుకు మొదలు వెతకడం కన్నా ఎక్కడో ఒకచోట తెంపడం ముఖ్యం. మందుబిళ్ళ నొప్పి వైపునుంచి తెంపుతుంది, వ్యాయామం బలం వైపునుంచి. రెండోది నెమ్మది, కాని దాని ఫలం ఎక్కువ కాలం నిలుస్తుంది.

బలం పెరిగితే నడక దానంతట అదే బాగుపడుతుందనీ అనుకోకూడదు. 2011లో అమెరికాలో కొందరు యువతులకు ఆరు వారాలు తుంటి కండరాల వ్యాయామం చేయించి చూశారు. బలం పెరిగింది, ఒంటికాలి మీద గుంజీ తీసే తీరు మెరుగైంది, కాని పరిగెత్తే తీరు మారలేదు. చేసిన పనే వచ్చింది, చెయ్యనిది రాలేదు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఇది బాగా తెలుసు. తొడలు ఎంత గట్టివైనా, అరమండిలో మోకాళ్ళను పాదాల దిశలో ఉంచడాన్ని గురువు పక్కన నిలబడి వేరుగా సరిదిద్దాల్సిందే. అందుకే నడకను నడకగా, మెట్లెక్కడాన్ని మెట్ల మీదే నేర్చుకోవాలి. కీలులో అరుగుదల ఉన్నవాళ్ళ విషయంలో నా వాదం మరీ తగ్గించి చెప్పాలి. 2014లో జామా పత్రికలో వచ్చిన పరీక్షలో, తుంటి అరుగుదల ఉన్న 102 మందికి ఫిజియోథెరపీ ఇస్తే, పనిచేయని యంత్రంతో చేసిన ఉత్తుత్తి చికిత్స కన్నా మెరుగైన ఫలితం రాలేదు. అనేక పరీక్షల్ని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష అదే ఏడాది వ్యాయామానికి కొంత మేలుందని తేల్చింది గాని, ఆ మేలు చిన్నదే. కీలు పూర్తిగా దెబ్బతిన్నవాళ్ళకు 1960ల్లో జాన్ చార్న్లీ తీర్చిదిద్దిన కీలుమార్పిడి తెచ్చిన ఊరట గొప్పది. దాన్ని కండరాల పేరు చెప్పి వాయిదా వేయించడం అన్యాయం. ఎముకల ఆకారం వల్ల కీలు ఒరుసుకునే యువతకు కూడా, బ్రిటన్‌లో 348 మంది మీద జరిగిన పరీక్షలో వ్యాయామంతో మేలు జరిగినా, శస్త్రచికిత్సతో కాస్త ఎక్కువ మేలు జరిగింది. ప్రతి తుంటికీ ఒకే జవాబు చెప్పేవాళ్ళను నమ్మొద్దు, వాళ్ళు నా పక్షాన మాట్లాడుతున్నా సరే.

మన పెద్దలు గొంతుక్కూర్చునేవారు, నేల మీద తినేవారు, పొలంలో వంగేవారు, అందుకే వాళ్ళకు ఈ నొప్పులు లేవనే మాట కూడా తరచూ వింటాం. బీజింగ్‌లో పెద్దవాళ్ళను పరిశీలిస్తే, అమెరికాలోని తెల్లవారితో పోలిస్తే తుంటి అరుగుదల చాలా అరుదుగా కనిపించిన మాట నిజమే. కాని అక్కడే, ఎక్కువ గంటలు గొంతుక్కూర్చున్నవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల ఎక్కువ కనిపించింది. తుంటి ఎముకల ఆకారంలోనే తేడా ఉంది కాబట్టి మేలంతా కూర్చునే తీరుదేనని చెప్పలేం. ఇంగ్లండులో రైతుల్ని పరిశీలించినవాళ్ళు 1992లో, ఏళ్ళ తరబడి సేద్యం చేసినవాళ్ళకు తుంటి అరుగుదల మిగతావాళ్ళకన్నా ఎక్కువని చెప్పారు. రోజంతా వంగి నాట్లేసే కూలీ మనిషికి కదలిక చాలలేదని ఎవరనగలరు? ఆమెకు కొరవడింది విశ్రాంతి, మంచి తిండి, బరువు మోయడంలో మార్పు. ఆఫీసులో పదేసి గంటలు కుర్చీకి అతుక్కున్నవాళ్ళకు కొరవడింది బరువే. కదలండి అనే ఒక్క మాట ఇద్దరికీ చెప్తే ఒకరికి అది అన్యాయమవుతుంది.

ఇక చివరి అడ్డంకి తీరిక. ఎనిమిది వారాలు వ్యాయామం చేయడానికి ఇంట్లో ఆడవాళ్ళకు వేళ ఏది, ఊళ్ళో ఫిజియోథెరపిస్టు ఎక్కడ? ఇంజెక్షన్ అయితే ఒక పూటతో పోతుంది. ఈ మాటలో న్యాయముంది, దీన్ని కొట్టిపారేసేవాళ్ళు ఆ ఇళ్ళలో ఒక రోజు గడిపి చూడాలి. అయినా ఈ వైద్యంలో సగం, ఏం మానాలో తెలుసుకోవడమే. నిలబడినప్పుడు బరువు రెండు కాళ్ళ మీద పంచడం, కాలి మీద కాలు వేసుకోకపోవడం, పక్కకు పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవడం, బిడ్డను ఒకే చంకన మోయకపోవడం, వీటికి వేళ అక్కర్లేదు. మిగతా సగం కూడా ఇంట్లోనే చేయగలిగిందే: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము ఎత్తడం, తక్కువ ఎత్తు మెట్టు మీద కటి వాలకుండా ఎక్కి దిగడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండొచ్చు, మర్నాటికి అది ముందటి స్థాయికి దిగితే చాలు. దిగకపోతే చేసింది ఎక్కువైందని అర్థం. స్నాయువు నెమ్మదిగా మారుతుంది, వారాల్లో మొదలై నెలల్లో నిలబడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా తొడ పక్కన చెయ్యి పెట్టి నొప్పంటుంటే, డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక్క మాట అడగండి: ఫిల్ము చూసే ముందో తర్వాతో, మా మనిషిని నాలుగడుగులు నడిపించి, ఒంటికాలి మీద నిలబెట్టి చూడండి అని. జ్వరం, పడిపోవడం, గజ్జలో పెరుగుతున్న నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఒక్క రోజు కూడా ఆగకండి. అవేవీ లేకపోతే ఆ మనిషికి రోజూ పావుగంట తీరిక ఇవ్వండి, ఆ పావుగంట ఇంటిపని మీరు చేయండి.